తాత అద్దాలు, చెవి మిషను

నందినీ, మీ తాత తుంటి ఆపరేషను బాగానే అయింది, భయపడొద్దు. తలెత్తుకోలేనిది నేనే. ఫోనులో చెబితే వార్డంతా వింటుందని ఈ కార్డు మనూరి ఆటో నడిపే మారుతి చేతికిస్తున్నాను.

ఆపరేషనైన మర్నాటి నుంచి ఆయనకు మతి నిలవలేదు. మంచం కింద మేకలు దూరాయన్నాడు. నన్ను చూసి, "ఎవురమ్మా నువ్వు? మా ఇంటామె యాడ?" అన్నాడు. "నాటకాలు సాలించు" అని అందరి ముందూ కసిరాను. బెదిరిపోయి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

డాక్టరమ్మ వచ్చి, "అవ్వా, తాతకు అద్దాలు, చెవి మిషను లేవా?" అంది. ఎవరైనా ఎత్తుకుపోతారని వక్కాకు సంచిలో పెట్టి ఇంటికి పంపానన్నాను. "ఆపరేషనైనాక పెద్దోళ్లకు ఇట్లయితాది. కనపడక, ఇనపడక ఇంకా ఎక్కువైతాది. ముందు అవి తెప్పించవ్వా" అంది. ఇంత వయసొచ్చీ, ఆయన కళ్లూ చెవులూ నేనే మూటగట్టి పంపాను.

సంచి వెంటనే మారుతికివ్వు. బోరులో నీళ్లొస్తున్నాయా? ఆవును ఎండలో కట్టేయొద్దు. ఇక్కడ కిటికీ తెరిపించి, పగలంతా ఆయన చెవి దగ్గర మీ పేర్లు చెబుతున్నాను. నన్ను గుర్తుపట్టి ఎంత తిట్టినా ఈసారికి మారుమాట్లాడను.

నీకూ, మీ అమ్మకూ నా దీవెనలు. తాత దీవెనలు ఆయనే చెబుతాడు, సంచి రానీ.

మీ అవ్వ,
రామసుబ్బమ్మ