బాగానే ఉందన్నాను

అక్కా,

ఈ మాట చెప్పడానికి మూడుసార్లు మీ వీధి చివరిదాకా వచ్చాను. మూడుసార్లూ వెనక్కి తిరిగాను. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదువు. తర్వాత చింపేసినా సరే, నా మొహాన కొట్టినా సరే.

బావ పోయి రెండు నెలలైంది. నిన్న బావతోపాటు పనిచేసిన పొడుగాయన్ని చూడ్డానికి ఆసుపత్రికి వచ్చాను. వరండాలో నువ్వు వాళ్ళావిడ చేతులు పట్టుకుని, "మా ఆయన తొందరపాటు వల్ల మీ ఇంటాయన కాలు పోయింది. మమ్మల్ని తిట్టుకోకమ్మా" అంటున్నావు. ఆవిడ మొహం తిప్పేసుకుంది. తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. నువ్వు ప్రతి వారం వస్తావని నర్సు చెప్పింది.

అక్కా, బావ తొందరపడలేదు.

మాది చిన్న ఆయిల్ కంపెనీ అని నీకు తెలుసు. పదకొండు బావులు, ఇరవై మంది మనుషులం. బావి అడుగున పంపు ఆగిపోతే లోపలి రాడ్లన్నీ పైకి లాగి బాగుచేయాలి. దానికి సర్వీసింగ్ రిగ్గు అనే యంత్రం కావాలి. అద్దెకి తెచ్చుకునేవాళ్ళం. పెద్ద కంపెనీల పనులన్నీ తీరాకే మా వంతు వచ్చేది. నాలుగు బావులు ఆగిపోయి, ఎవర్ని పనిలోంచి తీసేయాలా అని ఓనరు ఆలోచిస్తుంటే, "మనమే ఒకటి కొనుక్కుందామండీ" అని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే. ఆపరేటరుగా బావని పెట్టించిందీ నేనే. "బావి మీద బావ, బాగా కుదిరింది" అని బావే నవ్వాడు.

పాత రిగ్గు ఒకటి అమ్మకానికి వస్తే ఓనరూ నేనూ వెళ్ళాం. రాడ్లని లాగే ఎత్తైన ఉక్కు స్తంభాన్ని, అంటే మాస్ట్‌ని లారీ మీద పడుకోబెట్టి ఉంచారు. కొత్తగా రంగు వేశారు. మాస్ట్ కాలి దగ్గర, పిన్ను దూరే చోట రంగు కాస్త పొంగినట్టుంటే తాళంచెవితో గీకాను. పాత వెల్డింగు మీద వెంట్రుకంత చీలిక కనబడింది.

"ఏంటయ్యా అది?" అన్నాడు ఓనరు.

"పాత వెల్డింగండీ."

"పరీక్ష చేయిద్దామా? ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వారాలు. ఈలోగా ఇంకెవరో ఎగరేసుకుపోతారు."

"ఇనుము సంగతి నాకేం తెలుసు? యంత్రాలు చూసుకునేది నువ్వు. నువ్వే చెప్పు. బాగుందా?"

"బాగానే ఉందండీ" అన్నాను.

ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నేను పట్టుబట్టి తెచ్చిన పని నా నోటితోనే ఆగిపోతే నామోషీ అనిపించింది. పరీక్ష తర్వాత చేయించొచ్చులే అనుకున్నాను. రిగ్గు వచ్చిన రోజు నుంచీ ఊపిరాడనంత పని. మూడు బావులు మళ్ళీ నడిచాయి. అందరూ నా భుజం తట్టారు. ఆ చీలిక సంగతి నాకే గుర్తురావడం మానేసింది.

నాలుగో బావిలో పంపు ఇసుకలో ఇరుక్కుంది. బావ మెల్లగా లాగుతున్నాడు. నేను పక్కనే నిలబడి, లాగే బరువు చూపించే గేజీ చూస్తున్నాను. ముల్లు ఎర్రగీత దరిదాపులకి కూడా రాలేదు. టప్పున ఒక్క చప్పుడు. మాస్ట్ కాలు తెగి, మొత్తం బావ కూర్చున్న చోటి మీదికి ఒరిగిపోయింది. మాస్ట్ పైనున్న పలక మీద నిలబడి రాడ్లు సర్దుతున్న పొడుగాయన దాంతోపాటే వచ్చి పడ్డాడు.

ఆ సాయంత్రం నన్ను రిపోర్టు రాయమన్నారు. "ఆపరేటరు పరిమితికి మించి లాగాడు" అని రాశాను. పోయినవాడు వచ్చి కాదనడు కదా! రాసేటప్పుడు నా చెయ్యి వణకలేదక్కా. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఆ రోజు నుంచీ రిగ్గు దగ్గరికే వెళ్ళలేదు. శనివారం ఉద్యోగం మానేసి ఎటైనా వెళ్ళిపోతాను. నిజం నీకొక్కదానికి తెలిస్తే చాలు.

నీ పాపిష్టి తమ్ముడు

*

చిన్నోడా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా కదల్లేకపోయాను.

ఆ రోజు పొద్దున మీ బావ బూట్లు వేసుకుంటూ, "మాస్ట్ లేపుతుంటే ఏదో మూలుగుతోంది" అన్నారు. "మరి ఓనరుకి చెప్పొచ్చుగా" అన్నాను. "కొనేటప్పుడు మీ తమ్ముడు చూశాడుగా. వాడు చూశాక ఇంకెవరు చూడాలి?" అని వెళ్ళిపోయారు. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ ఈ మాట నీ దగ్గర దాచాను. ఇప్పుడు బాధపడాలనే చెబుతున్నాను.

నాకొక్కదానికి తెలిస్తే చాలన్నావు. చాలదు. ఇవాళ ఆసుపత్రికి వెళ్ళి నీ ఉత్తరం పొడుగాయన భార్యకి చదివి వినిపించాను. ఆవిడ ఏడవలేదు. "ఇన్నాళ్ళూ మీ ఆయన్ని తిట్టుకున్నానండీ" అంది. తర్వాత బల్ల మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

పరామర్శకి వచ్చిన పనివాళ్ళ దగ్గర విన్న ఇంకో సంగతి ఆవిడే చెప్పింది. తప్పు ఆపరేటరుది, రిగ్గుది కాదు అని నువ్వు రాశావుగా. అది నమ్మి ఓనరు ఆ మాస్ట్‌కే మళ్ళీ వెల్డింగు పెట్టిస్తున్నాడట. వచ్చే వారం కొత్త ఆపరేటరు వస్తాడట. అతనికీ ఇంట్లో ఎవరో ఒకరుంటారు.

నువ్వెక్కడికీ పోవద్దు. సోమవారం పదింటికి, ప్రమాదం మీద విచారణ చేస్తున్న ఆఫీసరు నన్ను రమ్మన్నాడు. నువ్వూ రా. రాకపోతే నీ ఉత్తరం ఆయన చేతిలో పెడతాను. కానీ ఆ నిజం నీ నోటినుంచే రావాలి. నీ పక్కన కూర్చోమని అడగకు, నావల్ల కాదు. ఎదురు కుర్చీలో కూర్చుంటాను. తల దించుకోకుండా, నన్ను చూస్తూ చెప్పు.

అక్క