గ్రిషా ఆఖరి వేషం

2005 ఏప్రిల్ 5
రాయకూడదనే అనుకున్నాను. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి, టీ కాచుకుని తాగాను. రాయకపోతే రేపటికి నేనే ఇంకోలా చెప్పుకుంటాను... నాకా అలవాటుంది.

గ్రిషా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్, ఈ నెలాఖరుతో సరి. రష్యావాడు, యాభై ఎనిమిదేళ్లు. మా కఫీల్, మా వీసాలు చేతిలో ఉన్న యజమాని, బూ ఫహద్. ఊళ్లో పిల్లల పుట్టినరోజులకు వేషగాళ్లను పంపుతాడు. నేను ఆ బండి డ్రైవర్ని. రష్యావాడంటే ఎలుగుబంటే అని బూ ఫహద్ నమ్మకం. అందుకని ఎలుగుబంటి తొడుగు, మెడలో అకార్డియన్. ఇఖామా కొత్తది కొట్టిస్తాడా, విమానం ఎక్కిస్తాడా — తేల్చలేదు. నాలుగు పార్టీలు చూసి చెప్తానన్నాడట.

ఏప్రిల్ 8
వఫ్రాలో ఒక తోటలో పార్టీ. దారి పొడుగునా గ్రిషా చరిత్ర. పటాలం బ్యాండులో బాకా. తర్వాత మూడు సినిమాలు — రెంటిలో శవం, ఒకదానిలో జర్మన్ సైనికుడు, ఒకటే డైలాగు. తర్వాత సర్కస్. తర్వాత ఇక్కడ సిటీలో, హోటల్లో పియానో. ఇప్పుడిది.

మా రాజోలు వైపు నాటకాల కృష్ణుడు గుర్తొచ్చాడు. పద్యానికి జనం వన్స్‌మోర్ అంటే మూడోసారికి గొంతు పోయేది. నేను తెర లాగేవాణ్ణి. ఒకసారి, పోతుందని తెలిసీ, చీకట్లోంచి నేనే అన్నాను వన్స్‌మోర్... ఇదెందుకు రాస్తున్నానో.

తోటలో పిల్లలు గ్రిషాను ఖర్జూరం గింజలతో కొట్టారు. వాయిస్తూనే ఉన్నాడు.

ఏప్రిల్ 14
సబా అల్ సలేంలో పార్టీ. ఇంటి నంబరు చూడలేదు — పదిహేనేళ్లుగా ఇక్కడ బండి తోలేవాడికి నంబరెందుకు. వీధిలో డేరా, లైట్లు, కుర్చీలు, వరసగా కార్లు. ఇదే, దిగు అన్నాను. ఇక్కడ పెళ్లికీ చావుకీ ఒకటే డేరా.

ఎలుగుబంటి తల తగిలించుకుని దిగాడు. అప్పుడు చూశాను. గుమ్మం దగ్గర మగవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, తల వంచి, ముందుకు జరుగుతున్నారు. పరామర్శ.

ఇంకా ఇరవై అడుగులుంది. హారన్ కొడితే ఆగేవాడు. చెయ్యి హారన్ మీదే ఉంది.

కొట్టలేదు. ఏమవుతుందో చూద్దామని.

వాయిస్తూ లోపలికి వెళ్లాడు.

ఏప్రిల్ 15
రూములో మనవాళ్లకు చెప్పాను. నాకు చెప్పడం వచ్చు. వరసలో ఒక ముసలాయన అలవాటు చొప్పున ఎలుగుబంటికి కూడా చెయ్యిచ్చాడనీ, తల ఊడబెరికితే లోపల తెల్లజుట్టూ చెమటా... అందరూ పొట్టలు పట్టుకున్నారు. హారన్ సంగతి చెప్పలేదు.

జగిత్యాల లచ్చన్న ఒక్కడే నవ్వలేదు. "గదంత మంచిగనే ఉంది గని కాకా, ఆయనకు గా డేరా చూపెట్టిందెవలు?"

అన్నం కలుపుకున్నాను.

ఏప్రిల్ 17
బూ ఫహద్ ఇద్దర్నీ నిలబెట్టాడు. పోయినాయన వాళ్ల మేనమామకు వియ్యంకుడట. బండి ఎవరు ఆపారు, అక్కడెందుకు దిగారు అని అరుపులు. గ్రిషా నావైపు చూశాడు.

"తనే దిగాడు బాబా" అన్నాను.

నా అరబ్బీ బోర్డులు చూసి నేనే నేర్చుకున్నది. ఆ మాటలో ఒక్క తప్పూ రాలేదు.

"ఖలాస్" అన్నాడు బూ ఫహద్, గ్రిషాతో. ఇక విమానమే.

ఏప్రిల్ 20
గ్రిషా మెట్ల మీద ఆపాడు. భార్య లేదు, రష్యాలో ఉన్న గది అమ్మేసుకున్నాడు. విమానం దిగితే వెళ్లడానికి ఒక గుమ్మం లేదు. "ఒక్క మాట, సూర్యా. డేరా నువ్వు చూపించావని. అంతే. బాబా నీ మాట వింటాడు."

తిట్టలేదు. తిడితే బాగుండేది... రేపు చెప్తానన్నాను.

ఏప్రిల్ 21
చెప్పలేదు.

ఏప్రిల్ 24
ఆఫీసు గుమ్మం దాకా వెళ్లాను. నా ఇఖామా జూన్‌తో సరి. అరవై దాటినవాడికి ఇంకో కఫీల్ దొరుకుతాడా.

ఏంటి, అన్నాడు బూ ఫహద్.

బండికి టైర్లు కావాలన్నాను. మార్పించుకోమన్నాడు.

ఏప్రిల్ 28
విమానం మధ్యాహ్నం. దించి రమ్మని నాకే చెప్పారు. అకార్డియన్ గ్రిషా సొంతం — బూ ఫహద్ ఉంచేసుకున్నాడు, పరువు నష్టం కింద. దారిలో ఒకసారి నోరు తెరిచాను... సిగ్నల్ పడింది.

ఎయిర్‌పోర్టులో పెట్టె నేనే దించాను. ట్రాలీకి ఒక చక్రం తిరగలేదు. వెళ్లి ఇంకోటి తెచ్చి ఇచ్చాను.