మీ నాన్న చెవి

సిల్వర్‌స్టోన్,
శనివారం, ఉదయం తొమ్మిదిన్నర

చిరంజీవి నీల్‌కు,

అమ్మ బోలెడు ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, కుక్కా ముగ్గురం బాగున్నాం. ఆ మంచు దీవిలో నువ్వూ, నీ వాతావరణ యంత్రాలూ, పెంగ్విన్లూ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం ఓడ ఎక్కి మా గుమ్మం చేరడానికి ఐదు వారాలు పట్టింది. సరిగ్గా కార్ల రేసు వారానికి అందింది కాబట్టి పోస్టువాళ్లను ఏమీ అనను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. కుక్క కాలు నయమైంది, మళ్లీ పక్కింటి కోళ్ల వెంట పడుతోంది. ఉన్ని మేజోళ్లు అల్లడం అయింది, ఒకటి రెండోదానికంటే కాస్త పొడుగు, సర్దుకో. షోనా పోయిన ఆదివారం వచ్చి మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లింది. ఉంగరం సంగతి నేను నోరు మెదపలేదు. పిల్ల అడగనూ లేదు, కానీ నీ ఫొటో వైపు నాలుగుసార్లు చూసింది.

ఇక నువ్వు పంపిన రెండు వందల పౌండ్లు. "ఉంగరానికి దాచిన డబ్బు ఇది. శనివారం క్వాలిఫయింగ్‌లో ఎవడు అందరికంటే వేగంగా తిరుగుతాడని నాన్న చెవి చెబితే, వాడి మీద పందెం కాయి" అని రాశావు. పెళ్లి ఉంగరాన్ని కారు చక్రాలకు కట్టే పెళ్లికొడుకును నేనెక్కడా చూడలేదు. తిడదామనుకున్నాను. కానీ నిజం చెప్పొద్దూ, చదివినప్పటి నుంచి నాకూ కాలు ఒకచోట నిలవడం లేదు.

ఊరు ఊరంతా గుడారాలే. పొలాల్లో సాసేజీల పొగ, రోడ్డు నిండా జెండాలు. నిన్న పొద్దున నేను గుడ్ల కోసం బయటికి వెళితే మాంసం కొట్టు రెగ్ నన్ను నడిరోడ్డు మీద ఆపేశాడు.

"ఏంటమ్మా మేవిస్, దొరగారి చెవి నిద్ర లేచిందా?"

"లేచి టీ తాగుతోంది."

"ఏం చెబుతుందో కాస్త ముందుగా చెవిన వేయి. పోయినేడు ఆయన మాట మీదే మా ఆవిడకి ఫ్రిజ్ కొన్నాను."

నీకు తెలిసిందే కదా. మన పెరటి కంచె అవతలే రేసు ట్రాకు పెద్ద మలుపు. శుక్రవారం సాధన చేసేటప్పుడు ప్రతివాడూ మలుపు ముందు ఒక్క క్షణం యాక్సిలరేటర్ మీద కాలు తీస్తాడు, ఇంజన్ గొంతు దిగుతుంది. ఎవడి బండికి ఆ గొంతు అందరికంటే తక్కువ దిగుతుందో, శనివారం వాడే అందరికంటే వేగం, ఆదివారం రేసులో వాడిదే ముందు వరస. నలభై ఏళ్లు ఇంజన్లు పరీక్షించిన మీ నాన్న బెంచీ మీద కూర్చుని వింటాడు, సాయంత్రం పబ్బులో చెబుతాడు, ఊరు కాస్తుంది.

ఈసారి అందరి నోటా ఎర్ర బండి వెర్గానీ పేరే. గెలిచినా పెట్టినదానికి సగం కూడా అదనంగా రాదు. నీలం బండి కుర్రాడు పిక్టన్ అని ఒకడున్నాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. వాడి మీద పౌండుకి పద్నాలుగు ఇస్తామంటున్నారు, అంటే వాడి మీద ఎవరికీ ఆశ లేదన్నమాట. నిన్న రాత్రి పబ్బులో మీ నాన్న లేచి, గ్లాసు మీద గోటితో కొట్టి, "వెర్గానీ" అని ఒక్క మాట చెప్పి కూర్చున్నాడు. కొంతమంది నిట్టూర్చారు, అంత తక్కువ వస్తే ఎవరికి లాభం.

పదకొండింటికి టౌస్టర్‌లో పందేల దుకాణానికి వెళ్లి నీ డబ్బు కాయాలి. వెళ్లే ముందు నీకు ఒకటి చెప్పాలి, నీల్. మూడేళ్లుగా కడుపులో దాచుకున్నాను.

మీ నాన్నకు వినపడదు. ఆ ఇంజన్లే తినేశాయి ఆయన చెవులను. టీ కెటిల్ అరిచినా తెలియదు, పెదాలు చూసి జవాబు చెబుతాడు. "చెవి పోయినవాడి మాట ఈ ఊళ్లో ఎవడు వింటాడే" అని మొదటి ఏడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆరోజు నుంచి బెంచీ మీద ఆయన మణికట్టు పట్టుకుని నేను కూర్చుంటున్నాను. కంచె సందులోంచి ఏ బండో ఆయన చూస్తాడు, నేను వింటాను. గొంతు దిగని బండి పోగానే గట్టిగా నొక్కుతాను. మూడేళ్లుగా ఊరు కాస్తున్నది నా చెవి మీద.

ఇంకా ఉంది. నిన్న నీలం బండి ఆ మలుపులో కాలు తియ్యనే లేదు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అలా అరుచుకుంటూ పోయాడు. నాకు ఒళ్లు జలదరించింది. అయినా నొక్కలేదు. నీ ఉంగరం డబ్బు గుర్తొచ్చింది. ఇంత పెద్ద మాట నా చెవి మీద ఎలా మోపను? లోకమంతా వెర్గానీ అంటోంది కదా అని, ఎర్ర బండి వచ్చినప్పుడు నొక్కాను. మీ నాన్నతో మొదటిసారి అబద్ధం ఆడాను, ఆయన దాన్ని పబ్బులో అందరికీ చెప్పాడు. రాత్రి కన్ను మూతపడలేదు.

మీ నాన్న మెట్లు దిగుతున్నాడు. ఇప్పుడే చెప్పేస్తాను.

పన్నెండుంబావు

గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

చెప్పాను. ఆయన రొట్టెకు వెన్న రాసుకుంటూ నా పెదాలనే చూశాడు. చివరిదాకా విని, అదే, చూసి, "నాకు నిన్ననే తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నీలం బండి పోయిన ప్రతిసారీ నీ వేళ్లు వణికాయి. ఎర్రబండికి నొక్కావు గానీ చెయ్యి చల్లగా ఉంది. ముప్పై ఆరేళ్లుగా పట్టుకున్న చెయ్యి కదే."

"మరి పబ్బులో వెర్గానీ అని ఎందుకు చెప్పావు?"

"నువ్వు చెప్పమన్నావు, చెప్పాను. ఎప్పుడూ నీ మాటేగా చెబుతున్నది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన కోటు తొడుక్కుని "పద" అన్నాడు.

పందేల దుకాణం నిండా మనూరివాళ్లే, చేతిలో వెర్గానీ చీటీలు. మీ నాన్న టోపీ తీసి, ఏ మాత్రం తడబడకుండా, "నిన్నటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు మూడేళ్లుగా వినపడదు. వినేది మేవిస్. ఆమె పిక్టన్ అంటోంది" అని చెప్పేశాడు.

రెగ్ చేతిలో చీటీ పైకెత్తాడు. "అయితే ఇన్నాళ్లూ చెవిటివాడి మాట విని కాశామా మేము?"

కౌంటర్ వెనక చీటీలు రాసే గ్లెనిస్ కళ్లజోడు సవరించుకుంది. "ఆ చెవిటివాడి మాట మీదే ఫ్రిజ్ కొన్నావు. నోరు మూసుకుని వరసలో నిలబడు."

ఎవరో నవ్వారు, ఆపైన అందరూ నవ్వారు. రెగ్ మీ నాన్న ముందుకు వెళ్లి, పెదాలు బాగా కదిలిస్తూ, "ముందే చెప్పొచ్చు కదయ్యా, గట్టిగా మాట్లాడేవాళ్లం" అన్నాడు. ఆ తర్వాత పిక్టన్ మీద ఐదు పౌండ్లు కాశాడు.

చీటీ రాసేటప్పుడు గ్లెనిస్ మామూలుగానే మీ నాన్నను చూపిస్తూ "టెబ్బట్ గారి పేరు మీదేనా" అని అడిగింది. మీ నాన్న నన్ను ముందుకు తోశాడు. నీ రెండు వందలూ పిక్టన్ మీద నా పేరుతో కాశాను. చీటీ నకలు దీంట్లో పెడుతున్నాను. ఈ ఉత్తరం చేరేసరికి ఫలితం నీకు రేడియోలో ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఓడిపోయి ఉంటే మా అమ్మ ఉంగరం నా పెట్టెలో ఉంది, అది షోనాదే. తప్పు నా చెవిది కాబట్టి మీ నాన్నను ఏమీ అనకు.

క్వాలిఫయింగ్ ఒంటిగంటకు మొదలు. ఇంజన్లు వేడెక్కిస్తున్నారు, కిటికీ అద్దాలు అదురుతున్నాయి. కాయడం అయిపోయింది, ఇక వినడం వల్ల ఒరిగేదేమీ లేదు. అయినా మీ నాన్న అప్పుడే బెంచీ మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, మణికట్టు నా వైపు పెట్టుకుని ఉన్నాడు. నేను వెళ్లాలి.

ఇట్లు,
చేతులు వణుకుతున్న
మీ అమ్మ