కొత్త తోలు పట్టా

ప్రియమైన మీకు,

ఆసుపత్రిలో నిద్ర పడుతోందా? దగ్గు ఎలా ఉందో దాచకుండా రాయండి.

ఇక్కడ నా మనసు కీడు శంకించే పని ఒకటి జరిగింది. మీరు గడ్డం కత్తికి పదును పెట్టే తోలు పట్టా, ఎవరూ ముట్టుకోకుండానే, కొక్కెం దగ్గర కుట్టు విడిపోయి కింద పడింది. పాతబడింది కదా అనుకుని, గుర్రపు జీన్లు కుట్టే ఆయన దగ్గర కొత్తది కోయించాను. చెక్కలా బిర్రుగా ఉంది. మీ నాన్నగారి మాట గుర్తుంది: పట్టా ఎవరిదో వాళ్ళ అరచెయ్యే దాన్ని మచ్చిక చేసుకోవాలి, ఇంకో చెయ్యి పడకూడదు. అందుకే మేకుకి తగిలించి ఊరుకున్నాను.

జుట్టు కత్తిరింపులు నేను చూసుకుంటున్నాను. గడ్డాల వాళ్ళంతా ఎదురు షాపుకి పోతున్నారు. మనది మూతపడుతుందేమోనని భయంగా ఉంది. గొణుగుడు మాస్టారు ఒక్కరే "మీ ఆయన వచ్చేదాకా పెంచుతానమ్మా" అంటూ ఎలుగుబంటిలా తిరుగుతున్నారు. ఎప్పుడొస్తారు?

మీ కత్తెర

---

ప్రియమైన కత్తెరకి,

పాత పట్టా పోతే పోనీ, దిగులుపడకు. నేను బాగానే ఉన్నాను. పక్క మంచం ఆయన గురకకి యముడు కూడా ఈ వార్డు గుమ్మం తొక్కడు.

కొత్తది నాకోసం ఆపక్కర్లేదు. నువ్వే అరచేత్తో రుద్దడం మొదలుపెట్టు. చేతి వేడికి తోలులో జిడ్డు పైకొచ్చి మెత్తబడుతుంది. బెలూన్ మీద నురగ రాసి నీకు గడ్డం గీయడం నేర్పింది దేనికి? పగిలిన బెలూన్ల లెక్క నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో.

నీ కత్తి

---

ప్రియమైన మీకు,

మీరు చెప్పింది చెయ్యలేదు, కోప్పడకండి. నా చెయ్యి పడితే అది నాదైపోతుంది. మీరొచ్చాక దేనిమీద పదును పెడతారు?

అలాగని తోలు పగలకూడదని, చెయ్యి తగలకుండా గడ్డం బ్రష్‌తో నూనె పట్టించాను. చాలలేదనిపించి మళ్ళీ పట్టించాను. ఇప్పుడు చెమట పట్టినట్టు నూనె కారుతోంది, కత్తి ఆనిస్తే జారిపోతోంది. చేతులు కాలాక మిమ్మల్ని ఆకులడుగుతున్నాను.

ఎప్పుడొస్తారో రాయలేదు.

మీ కత్తెర

---

ప్రియమైన కత్తెరకి,

తోలుకి నూనె తాగించాలి గానీ స్నానం చేయిస్తారటే! పొడి గుడ్డతో తుడిచి, పాత కాగితాల మధ్య బరువు కింద పెట్టు. కాగితానికి జిడ్డు అంటడం మానేదాకా మారుస్తూ ఉండు.

ఆ తర్వాత తప్పించుకోకు. అరచేత్తో వేడెక్కేదాకా రోజూ రుద్దు. కత్తి వీపు ముందు, అంచు వెనక. తిప్పేటప్పుడు వీపు మీదే తిప్పు, నొక్కకు. మాస్టారి ఎలుగుబంటి వేషం తీసెయ్యి.

ఎప్పుడొస్తానని మళ్ళీ అడగకు. నా చెయ్యి నిలవడం లేదు, ఇది నర్సమ్మ రాస్తోంది. ఆవిడ ముందు నన్ను ఏడిపించకు.

నీ కత్తి

---

ప్రియమైన మీకు,

అడగను.

కాగితాల కోసం అటక వెతుకుతుంటే పాత పట్టా చేతికి తగిలింది. కుట్టు చూశాను. చివికిన దారం పీచుపీచుగా తెగుతుంది. ఇందులో రెండు పోగులే అలా తెగాయి, మిగతావన్నీ నున్నగా ఉన్నాయి. మన ఇంట్లో అంత నున్నగా కోసే చెయ్యి ఒక్కటే. బస్సెక్కే ముందు కోసి, ఆ రెండు పోగులు మిగిల్చి వెళ్ళారు, కదూ?

అంటే తిరిగి రారని మీకు అప్పుడే తెలుసు. అది అక్కడ వేలాడినంత కాలం నేను కత్తి పట్టననీ తెలుసు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ పట్టాని నేలకేసి కొట్టాను, తర్వాత దాన్నే పట్టుకుని ఏడ్చాను.

మర్నాటి నుంచి కొత్తదాన్ని రుద్దుతున్నాను. మొదట్లో అరచెయ్యి మండేది, ఇప్పుడు కాయ కాసింది. కత్తి తిప్పబోయి ఒకచోట తోలుకి గాటు పెట్టాను. తిట్టాలంటే మీరే చూసి తిట్టండి. నిన్న కత్తిని ముంజేతి మీద ఆనిస్తే వెంట్రుకలు చప్పుడు లేకుండా రాలాయి.

మాస్టారు చూసి, కుర్చీలో కూర్చుని మెడకి తువ్వాలు తానే చుట్టుకున్నారు. లేపేశాను. మొదటి గడ్డం ఆయనది కాదు.

సోమవారం బస్సుకి వస్తున్నాను, కత్తీ పట్టా తీసుకుని. ఈలోగా వార్డులో ఎవరిచేతా గీయించుకోకండి. పట్టా మీ మంచం చువ్వకే కట్టుకుంటాను. మీరేం చెప్పక్కర్లేదు. గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుంటే చాలు.

మీ కత్తెర