వణికిన చేతులు

కల్లూరు, మంగళవారం రాత్రి

యుద్ధంలో తమ్ముడు సైదులు పక్కనే ఉన్న మనిషి ఇన్నేళ్లకు ఈ రోజు మా ఇంటికి వచ్చాడు. భద్రాచలం అవతల అడవి పల్లె ఆయనది. కుంటుకుంటూ వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నాడు.

ఇరవై రెండేళ్లకే పోయిన కొడుకు గురించి అమ్మ ఒక్కటే అడిగింది. "మావోడు భయపడ్డడా బిడ్డా? నిజం చెప్పు."

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "అవ్ అమ్మా, భయపడ్డడు. చేతులు వణికినయ్. వణుకుతనే నా కాలికి కట్టు కట్టిండు. నన్ను వీపు మీద మోసుకొని కొండ దింపిండు. ఇంకొకడు పైననే ఉన్నడని మళ్లీ ఎక్కిండు. ఇగ రాలే."

చీకటి పడితే దొడ్లోకి పోవడానికి "అక్కా, తోడు రా" అనేవాడు వాడు!

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆయన కాలి మీది మచ్చను అరచేత్తో నిమిరింది.

"మంచిగ కట్టిండా?"

"గట్టిగ కట్టిండమ్మా. అందుకే బతికిన."

బడి ముందు వాడి పేరున నిలిపిన రాతి మీద 'భయమెరుగని వీరుడు' అని చెక్కించింది నేనే. ఇప్పుడు ఆ మాట తమ్ముడికి చిన్నదైపోయింది. అంత భయంలోనూ రెండోసారి కొండ ఎక్కినవాడిని ఏమని రాయాలి?