నాయన అందుకున్న స్వరాలు

శనివారం, కర్నూలు

ఇవాళ్టి కచేరీ అయిపోయి గంట దాటింది. వయొలిన్ పెట్టెలో కూడా పెట్టలేదు.

మా సంగీత దర్శకురాలు మేడమ్ కూర్చే సంగీతం సినిమాకైనా కచేరీకైనా ఇంతే. నాలుగు స్వరాలు. వాటినే అరగంట తిప్పి తిప్పి వాయించాలి, మారేది నలుసంత. మన జనం మధ్యలోనే లేచిపోతారని మొదట్నుంచీ నా భయం. ఒక్కరూ లేవలేదు. ముందు వరుసలో మా నాయన, ఆయనతో ఆలూరు నుంచి వచ్చిన భజన బృందం కళ్లు మూసుకుని కూర్చున్నారు.

చివర్లో అందరం ఒక్కసారిగా ఆపేయాలి. తర్వాత నిమిషంపాటు నిశ్శబ్దం. అదీ సంగీతంలో భాగమే. ఆపేశాం. అంతలోనే నాయన గొంతు అవే స్వరాలను అందుకుంది. వెనకే బృందమంతా. నాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్ వైపు చూశాను. ఎత్తిన చేతులు ఆమె దించలేదు. కళ్లనిండా నీళ్లు.

బయటికొచ్చాక, ఆ నిశ్శబ్దం కావాలని పెట్టిందేనని తెలిసి నాయన మేడమ్ ముందు నొచ్చుకున్నాడు. "ఏకాహ భజనలో తెల్లవార్లూ పాట తెగకూడదు గదమ్మా. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోవల్ల. మీకు అలుపొచ్చిందేమో అనుకుంటి. తప్పు జేస్తినా?"

మేడమ్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "అక్కడ ఖాళీ ఎందుకు వదిలానో నాకే ఇవాళ తెలిసింది, పెద్దాయనా."

సోమవారం ఇదే సంగీతం సినిమా కోసం రికార్డింగు. తలుపులు మూసిన ఆ గదిలో, ఎవరూ అందుకోని ఆ నిమిషంలో, వయొలిన్ మీదికి కమాను ఎత్తకుండా నేనెలా కూర్చోవాలో…