కుడి పక్క నాలుగు బటన్లు

నవంబర్ 3

గాయత్రి ఫోన్ చేసింది. నాలుగు నెలల తర్వాత. ఎలా ఉన్నావనైనా అడగలేదు. ఒరే లాజరూ, నాకో కీబోర్డు సూడరా అంది. మెకానికల్ కావాలట, చిన్నది కావాలట, రెండున్నర వేలు దాటకూడదట. వైజాగ్‌లో కాలేజీ గేమింగ్ టీమ్‌లోకి తీసుకున్నారట. తుపాకుల ఆట, ఐదుగురి జట్టు, అందులో ఆమె ఒక్కతే అమ్మాయి. ఇరవై మూడున క్వాలిఫయర్స్. అక్కడ గెలిస్తే డిసెంబర్ పద్నాలుగున ఫైనల్.

వైజాగ్‌లో వీధికో కంప్యూటర్ షాపు ఉంది. అరకులో నెట్ సెంటర్ పెట్టుకుని జిరాక్సులు తీసుకునే నన్నెందుకు అడిగినట్టు? అదే అన్నాను. నా సెయ్యి నీకు తెల్సు కదరా అంది.

తెలుసు.

నవంబర్ 4, ఉదయం 7

మంచు. షట్టర్ తీశాను గానీ పదింటి దాకా ఎవరూ రారు. రాసుకోవడానికి ఇదే టైమ్.

సీలేరు ప్రాజెక్టు కాలనీ క్లబ్బులో ఒకటే కంప్యూటర్ ఉండేది. గాయత్రి వాళ్ల నాన్న అక్కడ ఇంజనీరు, మా నాన్న ఆ క్లబ్బుకే వాచ్‌మన్. తాళంచెవి మా ఇంట్లో ఉండేది, ధైర్యం ఆమె దగ్గర ఉండేది. కార్ల రేసు ఆడేవాళ్లం, ఒకే కీబోర్డు మీద ఇద్దరం. ఎడమ పక్క W, A, S, D ఆమెవి. కుడి పక్క నాలుగు యారో కీస్ నావి. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆమె మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉండేది.

గెలిచేది నేనే. ముఖ్యంగా మలుపుల్లో. ఘాట్ రోడ్డు మీద పుట్టినవాడికి మలుపులు ఒకరు నేర్పాలా అని క్లబ్బంతా వినేలా అనేవాణ్ణి. ఆమె నవ్వేది.

నవంబర్ 6

రివ్యూలే రివ్యూలు. మంగ్లు తాత కాఫీ రైతుల ఈకేవైసీ కోసం వచ్చి నిలబడినా చూసుకోలేదు. అమ్మ అన్నం డబ్బా తెచ్చి, ఏట్రా, మూడ్రోజుల్నించీ ఆ పెట్టిలో ఏటి దేవులాడతన్నావు అని అడిగింది. కీబోర్డు అన్నాను. ఎదురుగా ఉన్నాది కీబోర్డు కాదేటి అంది.

బటన్ల కింద ఆమె చేతికి రెడ్ స్విచ్‌లే సరి. మెత్తగా దిగుతాయి, చప్పుడు తక్కువ. టకటకలాడే బ్లూ కొంటే హాస్టల్లో రూమ్‌మేట్ తంతుంది. బ్లూటూత్ వద్దు, వైరుండాలి. స్విచ్ పాడైతే పీకి మార్చుకునేలా ఉండాలి. ఇక సైజు. గాయత్రి మౌస్‌ని బల్ల తుడిచినట్టు తిప్పుతుంది, పక్కన చాలా చోటు కావాలి. కాబట్టి సిక్స్టీ పర్సెంట్, అంటే పెద్ద కీబోర్డులో అరవై శాతం బటన్లే. నంబర్ ప్యాడ్ ఉండదు, F వరుస ఉండదు, యారో కీస్ ఉండవు. ఆమెకు అదే కరెక్టు.

ఇది తేలడానికి మూడు రోజులు పట్టలేదు. పది నిమిషాలు పట్టింది. మిగతా టైమంతా ఆ ఫోటో చూస్తూ కూర్చున్నాను. కుడి పక్క కోసేసినట్టుంది. నేను కూర్చునేది అక్కడే.

నవంబర్ 7

సెవెంటీఫైవ్ పర్సెంట్‌ది లింకు పంపాను. యారో కీస్ ఉన్నది. అసైన్‌మెంట్లు టైప్ చెయ్యాలి కదా, యారో కీస్ లేకపోతే విసుగొస్తుంది అని రాశాను. నువ్వు సెప్తే అదే అని వెంటనే ఆర్డర్ పెట్టేసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేసేవాణ్ణేమో.

క్రిస్మస్‌కి మా ఇంటికి వస్తానంది. మా అమ్మ చేతి అరిసెలు తినాలట. వస్తే కీబోర్డు తెస్తుంది. తెస్తే ఇద్దరం ఆడొచ్చు. ఇదీ నా లెక్క. ఇంత చిన్న బుద్ధి నాది.

నవంబర్ 16

పార్సిల్ నిన్న అందిందట. స్విచ్‌లు వెన్నలా ఉన్నాయట. మౌస్ మాటిమాటికీ కీబోర్డుకి గుద్దుకుంటోందట, ఏం పర్లేదు, అడ్డంగా తిప్పి పెట్టుకున్నాను అంది.

మాట మార్చేశాను.

నవంబర్ 23

ఓడిపోయారు. ముప్పయ్యో తారీఖున ఇంకొక్క ఛాన్స్ ఉందట.

వాళ్ల కోచ్ సాయినాథ్, ఫైనలియర్ కుర్రాడు, కీబోర్డులోనే లోపం ఉంది, వాపసు ఇచ్చెయ్యమన్నాడట. గోడ మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆటలో ఆమె మనిషి రెప్పపాటు ఆగిపోతోందట. ముందుకి నడిపించే W పడటం లేదట. సరిగ్గా అక్కడే తూటా తగులుతోంది. గొంతు బొంగురుపోయి ఉంది. ఏడ్చావా అంటే లేదు, సలిగాలి అంది. వైజాగ్‌లో చలిగాలట.

నవంబర్ 24

కీస్ టెస్ట్ చేసే వెబ్‌సైట్ ఒకటి పంపాను. అన్ని బటన్లూ ఒకేసారి నొక్కి చూసింది. అన్నీ పడుతున్నాయి. కీబోర్డు శుభ్రంగా ఉంది. ఆడేటప్పుడు ఎడమ చెయ్యి కనపడేలా వీడియో తీసి పంపమన్నాను.

నవంబర్ 25, మధ్యాహ్నం

వీడియో వచ్చింది. ముందు పదిసార్లు ఊరికే ఆ చెయ్యే చూశాను. గోళ్లు కొరకడం మానలేదు.

తర్వాత స్లోలో పెట్టి చూశాను. W ఆగిపోవడం లేదు. ఆమె వదిలేస్తోంది. మలుపు రాగానే మధ్యవేలు కొంచెం లేచి, మళ్ళీ దిగుతోంది. ప్రతి మలుపు దగ్గరా అంతే. ఇదెక్కడి అలవాటు అనుకున్నాను. అనుకుంటూనే క్లబ్బు గుర్తొచ్చింది.

సెంటర్లో క్లబ్బులో ఉండేదాని లాంటి పాత రబ్బరు కీబోర్డు ఒకటి మూలన పడి ఉంది. తీసి తగిలించి, ఇద్దరు ఆడే కార్ల ఆట ఒకటి తెరిచాను. పక్క టీ కొట్టు స్వామిని పిలిచి, W, D నొక్కి పట్టుకోమన్నాను. నేను యారో కీస్‌లో పైకీ కుడికీ నొక్కాను. నా కారు తిరగలేదు. ఆ రకం కీబోర్డుకి ఒకేసారి అన్ని బటన్లు అందవు, ఒకరు వదిలితేనే రెండోవాళ్లది పడుతుంది. W వదలమన్నాను. స్వామి వదిలాడు. నా కారు తిరిగింది. ఇదేటి ఆటండీ బాబూ, పాలు పొంగిపోతన్నాయి అని వెళ్లిపోయాడు.

నేను ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా వేలెత్తలేదు. నాకు బాగా గుర్తుంది. మరి అన్ని మలుపుల్లో నా కారు ఎలా తిరిగింది?

ఆమె ఎత్తేది.

వాపసుకి రేపే ఆఖరు. కీబోర్డుదే లోపం అనేస్తే సరిపోతుంది. ఇంకోటి కొంటుంది. ఆ వేలు మాత్రం అలాగే లేస్తుంది. ఆమె చేతిలో నాకున్న చోటు అదొక్కటే, రెప్పపాటంత. అది కూడా నేనే తీసేసుకోవాలా?

నవంబర్ 26

చెప్పలేదు.

నవంబర్ 27

పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. వేలి సంగతీ, క్లబ్బు సంగతీ, స్వామి సంగతీ.  

అప్పట్లో తెలిసే ఎత్తేదాన్నిరా అంది. నువ్వు ఓడిపోతే రెండ్రోజులు మాటాడేవోడివి కాదు, ఆ రెండ్రోజులూ నాకు తోచేది కాదు అంది. ఇప్పుడు ఎత్తుతున్నట్టు మాత్రం తెలీదంది.

అంత మాట విన్నాక ఇంకో అబద్ధం కడుపులో ఉంచుకోలేకపోయాను. ఆ కీబోర్డు నీకు సరైంది కాదు, యారో కీస్ కోసం చెప్పాను, క్రిస్మస్‌కి నువ్వొస్తే అని అక్కడ ఆగిపోయాను.  బేగి సిన్నది సూడు లాజరూ, ముప్పయ్యో తారీకు లోపల కావాల అంది. ఒరే అనలేదు.

నవంబర్ 28

సిక్స్టీ పర్సెంట్, రెడ్ స్విచ్, వైరుది. వైజాగ్‌లోనే ఒక షాపులో ఉంటే ఫోన్ చేసి పక్కన పెట్టించాను. సాయంత్రం తెచ్చుకుంది. ఎదుటి జట్టు లేని ఖాళీ మ్యాపులో మలుపులు మాత్రమే తిరగమన్నాను. వీడియో కాల్లో వేలు లేచినప్పుడల్లా నేను లెక్కపెట్టాను. గంటలో నలభై ఒకటి.

నవంబర్ 29

పొద్దున పదిహేడు. సాయంత్రం ఆరు. శభాష్ అన్నాను. అనాలి కదా.

నవంబర్ 30

క్వాలిఫై అయ్యారు.

డిసెంబర్ 14

ఫైనల్ లైవ్‌లో వచ్చింది. సీజన్ కదా, టూరిస్టులు నెట్టంతా తాగేస్తున్నారు, బొమ్మ ఆగి ఆగి వచ్చింది. మధ్యాహ్నం నుంచి షట్టర్ సగం దించి కూర్చున్నాను. ఆటగాళ్ల చేతులు మూలన చిన్న డబ్బాలో చూపిస్తున్నారు. నేను ఆట చూడలేదు, ఆ డబ్బానే చూశాను. ఎన్ని మలుపులో. వేలు ఒక్కసారి కూడా లేవలేదు.

గెలిచారు. ఫోన్లో ఒకటే గోల, ఎవరెవరో అరుస్తున్నారు. నీ వల్లేరా అంది. క్రిస్మస్‌కి రాలేనంది, ఇరవై ఆరున హైదరాబాద్‌లో ఇంకో టోర్నీ. అమ్మకి చెప్పమంది. నేను చెప్పకముందే అమ్మ నా మొహం చూసి, ఆ గుంట రాదా అని అడిగింది.

డిసెంబర్ 22

బస్సు కార్గోలో పార్సిల్ వచ్చింది. సెవెంటీఫైవ్ పర్సెంట్‌ది. వాపసు గడువు దాటబెట్టింది నేనే కదా. చీటీ ఏమీ లేదు. అంతా వెతికాను.

డిసెంబర్ 24

పాత కార్ల రేసు ఎక్కించాను. ఇద్దరి ఆట. ఎడమ చేత్తో ఆమె కారు, కుడి చేత్తో నాది. ఈ కీబోర్డు మీద ఎవరూ వదలక్కర్లేదు, అన్నీ పడతాయి.

మలుపు దగ్గర కుడి చెయ్యి ఎత్తేశాను. ఆమె గెలిచింది.